ఆపిన బండిలోంచి అడవి పందిని కాల్చిన కేసు: లంక పొలంలో ఏం జరిగింది, చట్టం ఏం అడిగింది

తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోన్. లంక ఊరి నుంచి ఒక కుర్రాడు, ఊపిరి తీసుకోకుండా చెప్తున్నాడు. "లాయరు గారూ, ఫారెస్టోళ్ళు బండి తీసుకెళ్ళిపోయారండి, తుపాకీ తీసుకెళ్ళిపోయారండి, పెదనాన్నని రేంజి ఆఫీసులో కూర్చోబెట్టారండి. మేం బండి నడపలేదండి, గట్టు మీద ఆపే ఉందండి, ఇంజిన్ కూడా ఆఫేనండి ఆయ్." నేనేమో ఎన్నింటికి జరిగింది, ఎవరు పేల్చారు, పంది ఎక్కడ పడింది అని అడుగుతున్నా, అతను మాత్రం ఏది అడిగినా తిరిగి బండి ఆగే ఉందన్న మాట దగ్గరికే వస్తున్నాడు, మొత్తం కేసు ఆ ఒక్క ముక్క మీదే నిలబడి ఉందన్నట్టు.

2024 కార్తీక మాసంలో సంగతి ఇది. కేసు ముగిసిపోయింది, క్లయింటు సరేనన్నాకే రాస్తున్నాను, ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేశాను. నా ప్రాక్టీసు కోనసీమలో, ఎక్కువగా భూతగాదాలు, చెరువుల లీజులు, పంపకాల దావాలు, వన్యప్రాణి కేసులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఈ కేసు తర్వాత ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, లంక రైతులూ అడిగారు, చెరువుల వాళ్ళూ అడిగారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు పొలం గురించి చెప్పాలి. ఏటిగట్టుకి ఏటి వైపున ఉన్న లంక భూమి, రెండెకరాల కంద, పక్కన అరటి, ఆ తర్వాత రెల్లు, తుమ్మ పొదలు, ఆపైన గోదావరి. 2022 జూలై వరద తర్వాత నుంచే పందులు ఎక్కువయ్యాయని ఊళ్ళో అంటారు, పైనుంచి కొట్టుకొచ్చాయని కొందరు, ఎప్పటినుంచో పొదల్లోనే ఉన్నాయని కొందరు. ఏదైతేనేం, ఉన్నాయి. కందకి విత్తనం దుంప దగ్గరే పెద్ద పెట్టుబడి పోతుంది, అప్పు తెచ్చి వేస్తారు, ఎన్ని పుట్లు దిగుతాయన్న లెక్క మీదే ఇల్లు నడుస్తుంది. పంది ఒక మొక్క తిని వెళ్ళే జంతువు కాదు, మూతితో బోదె అంతా తిరగేసుకుంటూ పోతుంది. నేను తర్వాత చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక వరస మొత్తం, ఎవరో గునపం పెట్టి అడుగడుగుకీ తవ్వినట్టు, నల్లమట్టి పైకి లేచి ఉంది, మధ్యలో సగం కొరికిన దుంపలు, కొరికిన చోట కండ గులాబీ రంగు నుంచి గోధుమ రంగులోకి తిరిగిపోయి, చీమలు పట్టి. ఒక దుంప చేతిలోకి తీసుకుంటే పంటి గాట్లు వేలికి తగిలాయి. ఆ పొలం చూశాక ఆయన మీద కోపం రాదు ఎవరికైనా.

పెద్దాయనకి 68 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. తండ్రి తర్వాత ఆయన పేరు మీద పంట రక్షణ కోసమని తుపాకి లైసెన్సు ఉంది, పన్నెండు బోరు, సింగిల్ బ్యారెల్. ప్రతి ఎన్నికలకీ తీసుకెళ్ళి స్టేషన్లో డిపాజిట్ చేస్తాడు, 2024 మే ఎన్నికలప్పుడు కూడా చేశాడు, తర్వాత తెచ్చుకున్నాడు, రెన్యువల్ ఒక్కసారి కూడా తప్పలేదు. అంత పద్ధతి గల మనిషి. ఆ రాత్రి కావలికి మంచె ఎక్కలేనని, తమ్ముడి కొడుకు బొలెరో తెచ్చి గట్టు మీద పెడితే ముందు సీట్లో కూర్చున్నాడు, అద్దం దించి, తుపాకి గొట్టం డోరు మీద ఆనించి. పదకొండు దాటాక కుర్రాడు టార్చి వేశాడు, పెద్దాయన ఒక్క దెబ్బ కొట్టాడు. పంది పడలేదు, గాయంతో పరిగెత్తి పక్కవాళ్ళ అరటితోటలో దూరింది, రెండు గంటల తర్వాత అక్కడ చచ్చి దొరికింది. ఈలోపు శబ్దానికి వచ్చిన వాళ్ళలో ఒకడు ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు, అది తిరిగి తిరిగి ఫారెస్టు వాళ్ళకి చేరింది. ఊళ్ళో ఆ ఫొటో తీసినవాణ్ణి తిట్టారు, కందకి లేని దురద కత్తిపీటకెందుకురా అని. నాకైతే అతని మీద ఏ కోపమూ లేదు, పంది పడిన అరటితోటకి అవతల పాకలో ముగ్గురు కూలీలు పడుకుని ఉన్నారు మరి, అది తర్వాత చెప్తాను.

సరే, రేంజి ఆఫీసుకి వెళ్ళాను. పెద్దాయన బెంచీ మీద, కండువా ఒళ్ళో పెట్టుకుని. నన్ను చూడగానే వరసగా నాలుగు మాటలు చెప్పాడు. నా పొలం బాబూ. నా తుపాకికి లైసెన్సుంది. నా పంట తింది. బండి ఆగే ఉంది. ఆ నాలుగూ నిజమే. ఆ నాలుగింటిలో ఏదీ ఆయన్ని కాపాడే మాట కాదు, నేను ఆ ఉదయం ఆయనకి చెప్పాల్సొచ్చిన అన్నిటికంటే కష్టమైన సంగతి అదే.

ఎందుకో చెప్తాను. ఇక్కడ అడవే లేదు కదా ఫారెస్టోళ్ళకేం పని అని డెల్టాలో అందరూ అడుగుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవికి కట్టిన కంచె కాదు, జంతువుతో పాటు నడుస్తుంది. అడవి పంది పాత పట్టికల్లో మూడో షెడ్యూల్లో ఉండేది, 2022 సవరణ వచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక రెండో షెడ్యూల్లో ఉంది. రిజర్వు ఫారెస్టులో ఉన్నా, లంకలో ఉన్నా, కొబ్బరితోటలో ఉన్నా, మీ పెరట్లోకి వచ్చినా అది వన్యప్రాణే, సెక్షన్ 9 కింద దాన్ని వేటాడకూడదు. వేట అంటే చంపడమే కాదు, చంపడానికి చేసిన ప్రయత్నం కూడా వేటే, వల వేసినా వేటే, ఉచ్చు పెట్టినా వేటే, ఎర పెట్టినా వేటే, నిర్వచనంలో అంత స్పష్టంగా రాసి ఉంది. గురి తప్పింది కాబట్టి నేరం లేదు అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పంట తింటే మరి రైతు చూస్తూ కూర్చోవాలా అంటే, కాదు. అదే చట్టం సెక్షన్ 11లో దారి ఇచ్చింది. రెండో షెడ్యూల్లో జంతువు మనుషుల ప్రాణానికి గానీ, ఆస్తికి గానీ, ఆస్తి అంటే పొలంలో ఉన్న పంటతో సహా, ప్రమాదంగా మారిందని అనుకుంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, అధికారం ఇచ్చిన ఆఫీసరు గానీ, కారణాలు రాసి, రాతపూర్వకంగా, ఫలానా ప్రాంతంలో ఫలానా జంతువుని వేటాడొచ్చని ఎవరికైనా ఆర్డరు ఇవ్వొచ్చు. ఇందులో ప్రతి మాటకీ బరువుంది. నోటి మాట చాలదు, కాగితం ఉండాలి. ప్రాంతం రాసి ఉండాలి. మా క్లయింటు దగ్గర ఆ కాగితం లేదు. ఒకసారి నోటితో ఎవరికో చెప్పాడట, చూద్దాంలే అన్నారట, అంతే. అక్కడే కేసు తొంభై పాళ్ళు అయిపోయింది, బండి ఆగిందా తిరిగిందా అన్నది ఆ తర్వాత ప్రశ్న.

తుపాకి లైసెన్సు సంగతికొస్తే, దీని మీద ఉన్నంత అపోహ ఇంకోదాని మీద లేదు. 1959 ఆయుధాల చట్టంలో సెక్షన్ 13 పంట రక్షణ కోసం నోటితో మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వమంటుంది, అది చాలదనుకుంటే 20 అంగుళాలకి తగ్గని గొట్టం ఉన్న స్మూత్ బోర్ తుపాకికి కూడా ఇవ్వొచ్చంటుంది. లైసెన్సు మీద పంట రక్షణ అని అచ్చేసి ఉంటుంది కాబట్టి పంట తినే దాన్ని కాల్చే హక్కు వచ్చేసిందని రైతు అనుకుంటాడు, తప్పు రైతుది కూడా కాదు, ఆ కాగితం మీద మాట అలా ఉంది. కానీ ఆ లైసెన్సు తుపాకి ఇంట్లో పెట్టుకోడానికి, పొలానికి తీసుకెళ్ళడానికి. గాల్లోకి పేల్చి బెదరగొట్టి తోలేయడం వేరు, షెడ్యూల్లో ఉన్న జంతువు మీద గురి పెట్టడం వేరు, రెండోదానికి రెండో కాగితం కావాలి. ఒక శాఖ ఇచ్చింది ఇంకో శాఖ చట్టాన్ని కొట్టెయ్యదు.

ఆత్మరక్షణ అనొచ్చు కదా అని కుర్రాడు అడిగాడు. సెక్షన్ 11లోనే రెండో ఉపసెక్షన్ అది. తనని గానీ ఇంకో మనిషిని గానీ కాపాడుకోడానికి సద్బుద్ధితో చంపితే నేరం కాదు. మనిషిని అని ఉంది, పంటని అని లేదు. పైగా ఆ సమయానికి చట్టం తప్పే పని ఏదో చేస్తూ ఉండి ఉంటే ఆ రక్షణ కూడా పోతుందని కిందే రాశారు. బొలెరోలో కూర్చుని ముప్పై గజాల అవతల దుంప తింటున్న పంది నా మీదకొచ్చింది అంటే ఏ మేజిస్ట్రేటు నమ్ముతాడు చెప్పండి.

ఇప్పుడు బండి. ఈ ఇంజిన్ ఆఫ్ అన్న మాట కుర్రాడికి ఎక్కడినుంచి వచ్చిందో అడిగితే యూట్యూబ్ అన్నాడు. చూపించమన్నాను. ఇంగ్లండు వీడియో అది, జింకల గురించి. అక్కడ 1991 జింకల చట్టంలో మోటారు బండిలోంచి జింకని కాల్చకూడదని ఉంటే, 2007లో దాన్ని మార్చి, బండి కదులుతున్నప్పుడు గానీ ఇంజిన్ నడుస్తున్నప్పుడు గానీ అని సన్నం చేశారు. అంటే అక్కడ ఆపి, ఇంజిన్ ఆపేసిన బండికి ఒక అర్థం ఉంది, వాళ్ళ దేశంలో, వాళ్ళ జింకకి. ఈ కుర్రాడు దాన్ని తెచ్చి గోదావరి గట్టు మీద పెట్టాడు. నాకు నిజంగా బాధేసింది, చదువుకున్న పిల్లాడు, పెదనాన్నకి సాయం చేద్దామనే చూశాడు.

మన చట్టంలో బండి కథ వేరు. 1972లో చట్టం వచ్చినప్పుడు లైసెన్సు మీద వేట ఉండేది, అప్పుడు సెక్షన్ 17 అని ఒకటి, వేటలో ఏవేవి చేయకూడదో చెప్పేది. చక్రాల బండి నుంచి గానీ దాని సాయంతో గానీ వేటాడకూడదు అని అందులో ఉండేది, రాత్రి వేటా, దీపం వేసి వేటా కూడా కూడదనే ఉండేది. చూడండి, కదిలే బండి అనలేదు, బండి అన్నారు, కాబట్టి ఆ రోజుల్లో కూడా ఆపామన్న వాదన నిలిచేది కాదు. 1991 సవరణలో లైసెన్సు వేటనే ఎత్తేశారు, దాంతో ఆ సెక్షన్ కూడా పోయింది, వేటే లేనప్పుడు వేట పద్ధతులకి నిబంధన ఎందుకని. కొందరు ఏం చేస్తారంటే ఇదిగో ఇప్పుడు బండి గురించి ఎక్కడా లేదు కాబట్టి బండిలోంచి కాల్చొచ్చు అంటారు. తలకిందులు వాదన అది. తలుపే మూసేశాక గడప మీద రాసిన నియమం చెరిపేస్తే లోపలికి రమ్మని అర్థం కాదు. ఇప్పుడు ఎలా కాల్చాలి, ఎక్కడ నిలబడాలి, రాత్రా పగలా అన్నది సెక్షన్ 11 కింద వచ్చే ఆర్డరులో ఏం రాశారో దాన్ని బట్టే.

పైగా బండి అన్న మాటకి ఈ చట్టంలో అర్థం చాలా పెద్దది. నేల మీద, నీళ్ళ మీద, గాల్లో తిరగడానికి వాడేది ఏదైనా బండే, ఎద్దు, దున్న, గుర్రం, గాడిద కూడా అందులోనే ఉన్నాయి. అంటే ట్రాక్టరు, పడవ, ఎడ్లబండి అన్నీ. తిరగడానికి వాడేది అని ఉంది, ఆ నిమిషంలో తిరుగుతున్నది అని లేదు. ఇదంతా ఎందుకు ముఖ్యమంటే సెక్షన్ 39. నేరానికి వాడి, సీజ్ అయిన బండీ ఆయుధమూ ప్రభుత్వ ఆస్తి అవుతాయని అక్కడ ఉంది. రైతు బండి ఆగుంది కాబట్టి తప్పు తక్కువ అనుకుంటున్నాడు, చట్టం కంటికి ఆ ఆగిన బండి తుపాకి ఆనించిన దిమ్మ, దాక్కున్న మాటు, టార్చి వేసిన ఎత్తు, అంటే నేరానికి వాడిన వస్తువు. నేల మీద నిలబడి కాల్చి ఉంటే కనీసం బొలెరో ఈ గొడవలోకి వచ్చేది కాదు. శిక్ష పరంగా చూస్తే రెండో షెడ్యూల్ జంతువుకి మూడేళ్ళ దాకా జైలు, లేదా 1 లక్ష దాకా జరిమానా, లేదా రెండూ, అదీ 2022 సవరణ తర్వాత, అంతకుముందు జరిమానా 25 వేలే.

మహజరు, అంటే సీజ్ చేసినప్పుడు ఫారెస్టు వాళ్ళు రాసుకున్న కాగితం, చదివాను. వాహనంలో తిరుగుతూ వేటాడుచుండగా అని రాశారు. అది నిజం కాదు. ఇక్కడ మాత్రం ఆగిన బండి అన్న మాట పనికొచ్చింది, అలా అని ఒప్పుకోవాలి. గట్టు మీద టైరు గుర్తులు ఒకే చోటికి వచ్చి ఆగాయి, పొలంలోకి దిగలేదు, పందిని తరమలేదు. తరమడం కూడా వేటేనని నిర్వచనంలో ఉంది కాబట్టి ఆ ఒక్క మాట ఉంటే కేసు రంగే మారిపోయేది, సరదా వేటగాళ్ళు, జీపులో షికారు అన్నట్టు. ఉదయం వెలుగొచ్చాక గుర్తులు ఫొటోలు తీయించాను, గట్టు మీద ఆ పూట ఇంకో బండి తిరగకముందే. దాంతో నేరం పోలేదు, నేర స్వభావం తగ్గింది, చివర్లో అది లెక్కలోకొచ్చింది.

ఇక ఖాళీ తూటా గురించి. సింగిల్ బ్యారెల్ తుపాకి మడిచి తెరిస్తే ఖాళీ తూటా వెనక్కి ఊడి పడుతుంది. పెద్దాయన అలవాటు ప్రకారం దెబ్బ కొట్టగానే తెరిచాడు. ఎర్ర ప్లాస్టిక్ తూటా, కింద ఇత్తడి చుట్టు, నడుమ పిన్ను కొట్టిన చిన్న గుంట, వెళ్ళి ముందు సీటు కింద రబ్బరు మ్యాట్ మడతలో ఇరుక్కుంది. ఫారెస్టు వాళ్ళకి అక్కడే దొరికింది. ఊళ్ళో ఒక పెద్దమనిషి, కిందకి దిగి కాల్చారని చెబుదాం అన్నాడు, అప్పుడు బండి వదిలేస్తారు కదా అని. సీటు కింద తూటా ఉండగా ఎవరు నమ్ముతారు. నమ్మినా సరే, నేను ఆ మాట కోర్టులో చెప్పించను.

ఇంకో రెండు సలహాలు కూడా వచ్చాయి, రెండూ ప్రమాదమే, అందుకే రాస్తున్నా. మొదటిది, అది అడవి పంది కాదు ఊరపంది అని చెప్పడం. పశువైద్యుడి పోస్ట్‌మార్టంలో కోరలు, వీపు మీద నిటారు వెంట్రుకలు, పొడుగు మూతి అన్నీ రాశారు, అది నిలవదు. నిలిచిందే అనుకోండి, ఊరపంది అంటే ఎవరిదో ఒకరి సొత్తు, భారతీయ న్యాయ సంహిత 325 ప్రకారం ఇంకొకరి జంతువుని చంపితే ఐదేళ్ళ దాకా శిక్ష. మూడేళ్ళ గుంట దాటి ఐదేళ్ళ గోతిలో పడ్డట్టు.

రెండోది కుర్రాడిది. నన్ను పక్కకి పిలిచి, "నేనే పేల్చానని చెప్తానండి, పెదనాన్న జైల్లో ఉండలేడండి, షుగరుందండి" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను అతన్ని కూర్చోబెట్టి చెప్పాను, నాన్నా, లైసెన్సు పెదనాన్నది. లైసెన్సుదారు ఎదురుగా ఉంటే ఇంకొకరు ఆ తుపాకి మోయొచ్చు, కానీ అది ఆయన వాడుకోడానికి మాత్రమే, నువ్వు పేల్చడానికి కాదు. నువ్వు పేల్చానంటే నీ మీద ఆయుధాల చట్టం సెక్షన్ 25 కింద ఇంకో కేసు, 2019 సవరణ తర్వాత అందులో కనీసం రెండేళ్ళు, ఐదేళ్ళ దాకా, పైగా లైసెన్సు తుపాకి నీ చేతికిచ్చినందుకు ఆయన మీద కూడా కేసు. ఆయన్ని కాపాడదామని ఇద్దరూ మునుగుతారు. చాలాసేపు మాట్లాడలేదు అతను. తర్వాత సరేనండి అన్నాడు. నా ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఇలాంటి ప్రేమ చాలా ఇళ్ళని ముంచడం చూశాను, అందుకే ఈ విషయంలో గట్టిగా ఉంటాను.

మాంసం ముట్టుకోలేదు, అది వాళ్ళని కాపాడింది. వేటలో చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి, అది చేతికొస్తే 48 గంటల్లో పోలీసులకి గానీ అధికారికి గానీ తెలియజేయాలి. ఆ రాత్రి ఇద్దరు ముగ్గురు కత్తులు తెచ్చారట, పెద్దాయనే వద్దన్నాడు, నా పంట కోసం కొట్టాను కూర కోసం కాదు అని. ఆ మాట అరటితోట యజమాని స్టేట్‌మెంట్లో ఉంది.

బండి ఎలా వచ్చిందంటే, సీజ్ చేసిందంతా ఆ క్షణం నుంచే ప్రభుత్వానిది, కోర్టుకి కూడా వదిలే అధికారం లేదు అని అవతలి వాదన. 2008లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన మధుకర్ రావు కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది, నేరం జరిగిందని తేలకుండా ఆరోపణ మీదే బండి ప్రభుత్వ ఆస్తి అయిపోదు, విచారణ నడుస్తుండగా మేజిస్ట్రేటు మధ్యంతరంగా వదలొచ్చు అని. అప్పట్లో అది పాత నేర విచారణ పద్ధతి చట్టం, సీఆర్‌పీసీ సెక్షన్ 451, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 497. ఆ కింద పిటిషన్ వేశాం, పూచీకత్తు బాండు, అమ్మకూడదు, రంగు మార్చకూడదు, అడిగినప్పుడు తేవాలి అన్న షరతులతో బండి వచ్చింది. బొలెరో మీద ఫైనాన్సు ఉంది, అరటి గెలలు రావులపాలెం మార్కెట్‌కి అందులోనే వెళ్ళేది, అది ఆగిన రోజులన్నీ వాళ్ళు కిరాయి బండి పెట్టుకున్నారు. కందలో పంది చేసిన నష్టం కంటే ఈ నష్టం పెద్దదైంది. కిరాయి రసీదులు చూపిస్తూ కుర్రాడు ఆ మాటే అన్నాడు.

కేసు కోర్టులో చివరిదాకా లాగలేదు. కనీస శిక్ష లేని నేరం కాబట్టి సెక్షన్ 54 కింద కాంపౌండింగ్‌కి దరఖాస్తు పెట్టాం, అంటే అధికారం ఉన్న ఆఫీసరు నిర్ణయించిన సొమ్ము కట్టి కేసు ముగించుకోవడం. 2022 సవరణ తర్వాత ఆ సొమ్ము 5 లక్షల దాకా ఉండొచ్చు, అంతకుముందులా 25 వేలతో పోదు. టైరు గుర్తుల ఫొటోలు, పంట నష్టం ఫొటోలు, మాంసం ముట్టలేదన్న స్టేట్‌మెంటు, ఆయన వయసు, ఇంతకుముందు ఏ కేసూ లేకపోవడం, అన్నీ పెట్టాం. సొమ్ము మేం భయపడినంత రాలేదు, అయినా ఆ ఏడు కందకి అది పెద్ద దెబ్బే. తుపాకి లైసెన్సు మాత్రం వేరే దారి, లైసెన్సు ఇచ్చిన అధికారి దగ్గర్నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది, నేను ఇది రాసే నాటికి తుపాకి ఇంకా తిరిగి రాలేదు.

ఆ ముగ్గురు కూలీల గురించి చెప్తానన్నాను కదా. డెల్టాలో గుట్టలు లేవు, నేలంతా పళ్ళెంలా ఉంటుంది, తప్పిన గుండు ఆగడానికి అడ్డు ఉండదు. డోరు మీద ఆనించి కాలిస్తే గొట్టం ఇంచుమించు నేలకి సమాంతరంగా ఉంటుంది. పంది ఉన్న చోటి నుంచి గీత గీస్తే అది అరటితోట మీదుగా నేరుగా ఆ పాక వైపు వెళ్తుంది, నేను నిలబడి చూశాను. అరటి బోదె గుండుని ఆపదు. మన పెద్దవాళ్ళు మంచె కట్టుకుని కావలి కాసింది ఊరికే కాదు, పైనుంచి చూస్తే దూరం కనిపిస్తుంది, కిందకి కొడితే దెబ్బ మట్టిలోకి పోతుంది. బండి సీటులో ఆ రెండూ లేవు. పెద్దాయనకి ఇది చూపించినప్పుడు చాలాసేపు పాక వైపే చూస్తూ ఉండిపోయాడు, కేసు మొత్తంలో ఆయన భయపడింది ఆ ఒక్కసారే.

చెరువుల వాళ్ళు కూడా ఇదే అడుగుతున్నారన్నాను. రొయ్యల చెరువు గట్టు మీద బండి ఆపి, టార్చి వేసి, మెరిసే కళ్ళని చూసి నక్క అనుకుని ఎయిర్‌గన్నుతో కొట్టొచ్చా అని ఒకాయన ఫోన్ చేశాడు, ఎయిర్‌గన్నుకి లైసెన్సు అక్కర్లేదు కదండి అని. తక్కువ శక్తి ఉన్న వాటికి అక్కర్లేకపోవచ్చు, కానీ వేటకి ఏ ఆయుధమైతేనేం, ఆఖరికి రాయైనా వేటే. కోరింగ మడ అడవుల చుట్టుపక్కల ఆ మెరిసే కళ్ళు బావురుపిల్లివి కావొచ్చు, నీటికుక్కవి కావొచ్చు. ఆ రెండూ ఒకటో షెడ్యూల్. అక్కడ కనీసం మూడేళ్ళు, ఏడేళ్ళ దాకా, కాంపౌండింగ్ లేదు, ఆస్తి నష్టం అన్న కారణం మీద అనుమతి కూడా ఇవ్వరు. పంది కేసులో నేను చేయగలిగిన పనుల్లో సగం అక్కడ చేయలేను. దయచేసి చీకట్లో కళ్ళని చూసి గురి పెట్టకండి.

పందులకి కరెంటు తీగ లాగుతామన్న వాళ్ళతో అయితే నేను మాట్లాడే పద్ధతే వేరు. దానికి మనుషులు చచ్చిపోతున్నారు, పక్క రైతు, నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన కొడుకు. ఆ కేసులు నేను తీసుకోను.

బీహార్‌లో 2015లో, ఉత్తరాఖండ్‌లో 2016లో అడవి పందిని కొన్నాళ్ళపాటు కొన్ని జిల్లాల్లో హానికర జంతువుగా కేంద్రం ప్రకటించింది, సెక్షన్ 62 కింద, అలా ప్రకటిస్తే ఆ చోట ఆ కాలానికి రక్షణ ఉండదు. కేరళ చాలాసార్లు అడిగినా కేంద్రం ఇవ్వలేదు, చివరికి 2022లో వాళ్ళు సెక్షన్ 11 అధికారాన్నే పంచాయతీల పెద్దల చేతికి ఇచ్చారు. మన లంకలకి అలాంటి ప్రకటన లేదు. నా మట్టుకు నాకు కేరళ దారే నచ్చింది, అనుమతి కాగితం రైతుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలి, పంట పోయాక వచ్చే ఆర్డరు ఎవరికి కావాలి. చట్టం దారి ఇచ్చింది, ఆ దారి రైతు గుమ్మం దాకా రాలేదు, ఈ కేసులో నాకు మిగిలిన బాధ ఇదే.

ఈ ఏడు కంద వేసే ముందే దరఖాస్తు పెట్టించాను. సర్వే నంబరు వేసి, పొలం హద్దులు వేసి, పోయినేటి నష్టం ఫొటోలు జత చేసి. ఏటిగట్టు ఆయన పొలం కాదు, రేపు ఆర్డరు వచ్చినా అందులో రాసిన ప్రాంతం పొలం వరకే ఉంటే గట్టు మీంచి కాల్చడం ఆర్డరు బయట పనే అవుతుంది, అందుకని కావలి చోటు కూడా దరఖాస్తులోనే అడిగాం, మెట్లున్న తక్కువ ఎత్తు మంచె, మోకాళ్ళు నొప్పులున్న మనిషి ఎక్కగలిగేది. ఆయనకి తుపాకి లేదు కాబట్టి శాఖ తరఫున మనిషిని పంపమని అడిగాం. ఈలోపు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు చెప్పే పద్ధతి ఒకటి, కొబ్బరి తాడుని గంధకం, పంది కొవ్వు కలిపిన దాంట్లో నానబెట్టి పొలం చుట్టూ మూడు వరసలు కట్టడం. కోనసీమలో కొబ్బరి తాడుకేం కొదవ. వాన పడ్డాక వాసన పోతుంది, మళ్ళీ పూయాలి, అది కుర్రాడి పని.

మొన్న అతనే ఫోన్ చేశాడు. "రాత్రి వచ్చాయండి, తాడు దాకా వచ్చి పక్కకి తిరిగి వెళ్ళిపోయాయండి, గిట్టల గుర్తులు బాగా పడ్డాయండి. ఫొటో తీసి దరఖాస్తుకి జత చేయమంటారా?"

చెయ్యి నాన్నా, తేదీ పడేలా తియ్యి, తాడూ గుర్తులూ ఒకే ఫొటోలో కనపడాలి అన్నాను.